ఫీజు 90,000 కాదమ్మా, అసలు లెక్క 3,21,000

ప్రశ్న: మాది హన్మకొండ. నా వయసు 33. బీఎస్సీ మ్యాథ్స్, బీఈడీ చేసి తొమ్మిదేళ్లుగా ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతున్నాను. జీతం 18,000. అందులో 15,000 బేసిక్, దాని మీద పీఎఫ్ కట్ అవుతుంది. మా ఆయన షోరూంలో చేస్తారు, 24,000 వస్తాయి. ఇల్లు సొంతం. ఇంటి ఖర్చు, పిల్లలిద్దరి ఫీజులు, ఎల్ఐసీ కలిపి నెలకు 31,000 అవుతుంది. లక్ష రూపాయల చిట్టీకి నెలకు 5,000 కడుతున్నాం, 20 నెలల్లో 8 అయ్యాయి. బ్యాంకులో 60,000, నాలుగు తులాల బంగారం ఉన్నాయి. ఈ ఎండాకాలం సెలవులతో స్కూలు మానేసి, అమీర్‌పేటలో హాస్టల్లో ఉండి ఆరు నెలల సాఫ్ట్‌వేర్ కోర్సు చేద్దామనుకుంటున్నాను. ఫీజు 90,000. ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు, ఈఎంఐ కూడా వాళ్లే ఇప్పిస్తారట. శనివారంలోగా 10,000 అడ్వాన్సు కట్టమన్నారు. బంగారం కుదువ పెట్టనా, చిట్టీ పాడనా?

జవాబు: ముందుగా శనివారం సంగతి. ఆ 10,000 కట్టకండి. సీటు పోతుందని భయపెడతారు. వచ్చే నెలా సీటు ఉంటుంది, ఆ తర్వాతి నెలా ఉంటుంది.

మీరు ఐటీలోకి వెళ్లాలనుకోవడం మంచి ఆలోచనే. 33 ఏళ్లు ఎక్కువేమీ కాదు. తొమ్మిదేళ్లు పిల్లలకు లెక్కలు అర్థమయ్యేలా చెప్పిన మనిషికి డేటా పని కొత్త భాషలా అనిపించదు. నా అభ్యంతరమల్లా మీరు అనుకున్న వరుస మీదే.

మీరు ఫీజునే ఖర్చు అనుకున్నారు. మీ జీతం ఆగిన నెల నుంచి ఇంటికి 24,000 వస్తాయి, 36,000 పోతాయి. నెలకు 12,000 లోటు. కోర్సు ఆరు నెలలు, ఉద్యోగం దొరకడానికి ఇంకో ఆరు నెలలు అనుకుందాం. లోటే 1,44,000 అవుతుంది. ఫీజు 90,000, హాస్టల్ నెలకు 7,000 చొప్పున 42,000, ల్యాప్‌టాప్ 45,000 కలిపితే 3,21,000. మీ చేతిలో ఉన్నది 60,000.

ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. మొదటి ఉద్యోగం ఏడాదికి మూడున్నర లక్షలని చెబితే చేతికి 25,000 అటూ ఇటుగా వస్తుంది. హాస్టల్, రానుపోను ఖర్చులు ఒక 10,000 తీసేస్తే ఇంటికి పంపగలిగేది 15,000. అంటే ఇప్పుడు స్కూలు ఇస్తున్న దానికంటే తక్కువ! ఐటీలో లాభం మొదటి ఏడాది కనబడదు, పని నేర్చుకుని రెండో కంపెనీకి మారేటప్పుడు కనబడుతుంది. అప్పటిదాకా ఇల్లు అప్పు లేకుండా నిలబడాలి.

అందుకే ఒక్క ఏడాది ఆగమంటున్నాను. ఆగడమంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు, స్కూలు చేస్తూనే నేర్చుకోవడం. వచ్చే ఏడాది ఇదే సమయానికి చిట్టీ అయిపోతుంది. నెలకు 5,000 భారం దిగుతుంది. అప్పుడు మీ జీతం ఆగినా లోటు 12,000 కాదు, 7,000 మాత్రమే. చివరి నెలలో చిట్టీ ఎత్తితే కమిషన్ పోను 95,000 దాకా వస్తాయి. ఆ ఒక్క మొత్తమే పదమూడు నెలల లోటును మోస్తుంది.

అదే చిట్టీ ఇప్పుడు పాడితే? లక్షకు 78,000 చేతికి వచ్చిందనుకోండి, 22,000 అక్కడే పోయాయి. మిగిలిన 12 వాయిదాలు, అంటే 60,000, జీతం లేని రోజుల్లో కట్టుకుంటూ పోవాలి. కాబట్టి పాడొద్దు. కానీ ఒకటి చూసుకోండి, మీది చిట్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరైన చిట్టీయేనా? తెలిసినవాళ్లని నమ్మి కట్టే కాగితం లేని చిట్టీ అయితే నా సలహా మారుతుంది. కొంత నష్టానికైనా ముందే ఎత్తి బ్యాంకులో వేసుకోండి. బంగారం జోలికి మాత్రం ఇప్పుడు పోవద్దు. నిజంగా ఇబ్బంది వచ్చిన రోజున బ్యాంకులోనే కుదువ పెట్టండి, మిత్తి వ్యాపారి దగ్గర కాదు.

ఇక ఆ ఈఎంఐ. అది ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే వెసులుబాటు కాదు, ఒక ఫైనాన్స్ కంపెనీ మీ పేరు మీద ఇచ్చే అప్పు. ఇన్‌స్టిట్యూట్ రేపు బోర్డు తిప్పేసినా వాయిదా మీరే కట్టాలి, కట్టకపోతే దెబ్బ మీ సిబిల్ స్కోరుకే, అంటే అప్పు ఇచ్చేముందు బ్యాంకులు చూసే మార్కుకే. కాజీపేట నుంచి ఒకామె నా దగ్గరకు వచ్చింది. క్లాసులు రెండో నెలలోనే ఆగిపోయాయి, వాయిదాలు మాత్రం ఏడాది దాటినా కడుతూనే ఉంది. ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ‘నెలకు ఒక్క రూపాయే వడ్డీ’ అంటే కూడా మోసపోకండి. 90,000కు 18 నెలలు రూపాయి వడ్డీ లెక్కన నెలకు 5,900 కట్టాలి. మొదటి నెల నుంచీ అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం మీద వేస్తారు కాబట్టి నిజమైన వడ్డీ ఏడాదికి 21 శాతం పైనే పడుతుంది. 2024 అక్టోబరు నుంచి ఇలాంటి రుణాలకు అసలు ఖర్చంతా ఒకచోట చూపే ‘కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్’ ఇవ్వాల్సిందే. అడిగి చదవండి, ఇవ్వకపోతే లేచి వచ్చేయండి.

గ్యారంటీ అన్నమాట విన్నప్పుడు ఇంకా భయం వేస్తుంది. కొందరు చివర్లో ‘మూడేళ్ల ఎక్స్‌పీరియన్స్ పెట్టిస్తాం’ అంటారు, అంటే ఐటీలో చేయని పనికి దొంగ సర్టిఫికెట్. దయచేసి ఒప్పుకోకండి. మీ యూఏఎన్, అంటే పీఎఫ్ నంబరులో ఏ నెల ఎక్కడ పనిచేశారో ఉంటుంది. కంపెనీవాళ్లు చూస్తే మీరు ఆ మూడేళ్లూ స్కూల్లో ఉన్నారని ఇట్టే తెలుస్తుంది. వచ్చిన ఉద్యోగం పోతుంది, పేరూ పోతుంది. డబ్బు కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. నిజంగా మనిషి కావాల్సిన కంపెనీ మీ దగ్గర డబ్బు తీసుకోదు.

మరి ఈ ఏడాది ఏం చేయాలి? రిఫర్బిష్డ్, అంటే బాగుచేసి అమ్మే పాత ల్యాప్‌టాప్ 30,000 లోపు చూసుకోండి. డేటా పనికి వాడే ఎక్సెల్, ఎస్‌క్యూఎల్, పవర్ బీఐతో మొదలుపెట్టండి, లెక్కల మనిషికి దగ్గరి దారి అది. ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదికలు స్వయం, ఎన్‌పీటీఈఎల్‌లో పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. స్కూలు, వంట, పిల్లల హోంవర్క్ అయ్యాక కూడా నెల రోజులు రోజుకో గంట కూర్చోగలిగితే, అప్పుడు హన్మకొండలోనే చిన్న కోర్సుకు 15,000 పెట్టండి. ఎండాకాలం సెలవులు, బతుకమ్మ సెలవులు ఎక్కువసేపు కూర్చోవడానికి వాడుకోండి. మీ స్కూలు మార్కుల రికార్డునే, పిల్లల పేర్లు తీసేసి, డ్యాష్‌బోర్డుగా, అంటే అన్నీ ఒకే తెర మీద కనబడే చార్టులుగా చేయండి. ఇంటర్వ్యూలో చూపించడానికి అంతకంటే సొంత పని ఏముంటుంది?

ఉద్యోగం వెతికేటప్పుడు మన పక్కనే ఉన్న మడికొండను వదలకండి. 2020లో అక్కడ టెక్ మహీంద్రా, సైయెంట్ కంపెనీల ఆఫీసులు మొదలయ్యాయి. అవకాశాలు తక్కువే, కానీ ఇంట్లోంచి వెళ్లిరావచ్చు. ఆ తర్వాత ఘట్‌కేసర్ దగ్గర పోచారంలో ఇన్ఫోసిస్ ఉంది, గచ్చిబౌలితో పోలిస్తే మనకు బాగా దగ్గర. ఇంటర్వ్యూలకు ఉప్పల్ దాకా ఎక్స్‌ప్రెస్ బస్సులో 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు చార్జీ లేదు.

మీ ఆయనకు కూడా ఒక మాట. ఈ ఏడాదిలో రోజుకో గంట ఆమెకు దొరకాలంటే ఆ గంట వంటింటి పని ఎవరో చేయాలి. బడ్జెట్‌లో దానికి గడి లేదు గానీ, అది లేకపోతే మిగతా లెక్కలన్నీ కాగితం మీదే ఉండిపోతాయి.

మానేసేటప్పుడు పీఎఫ్ డబ్బు తీయకండి, కొత్త ఉద్యోగానికి బదిలీ చేయించుకోండి. వచ్చే ఏడాదికి మీకు పదేళ్ల సర్వీసు నిండుతుంది, పీఎఫ్ పింఛనుకు కావాల్సింది పదేళ్లే. ఇంకొకటి, దీన్ని చాలామంది టీచర్లు అడగనే అడగరు. ప్రైవేటు స్కూలు టీచర్లకూ గ్రాట్యుటీ, అంటే చేసిన ఏళ్లను బట్టి మానేసేటప్పుడు యాజమాన్యం ఇచ్చే మొత్తం, హక్కుగా ఉంది. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే స్కూలైతే, అయిదేళ్లు దాటినవారికి ఇవ్వాలి. మీ బేసిక్ 15,000ను 26తో భాగించి, 15తో, పదేళ్లతో హెచ్చించండి. 86,538 రూపాయలు. ఎవరి దయా కాదు, మీ కష్టార్జితం. రాజీనామా కాపీ మీద తేదీతో స్కూలు ముద్ర వేయించుకోండి, ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరుంటే ముందుగానే తెచ్చుకోండి. గ్రాట్యుటీ దరఖాస్తు ఇచ్చాక 30 రోజుల్లో డబ్బు రాకపోతే కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్లండి.