కష్టంలో ఉన్నవాళ్ల ఇంటికి వెళ్తే ఏం మాట్లాడాలి? ఒక పల్లెటూరి పాస్టరు అనుభవం

ప్రశ్న: "మా సంఘంలో ఈ మధ్యే నన్ను పాస్టరుగారికి సహాయంగా పెట్టారు. వాక్యం చెప్పమంటే ఎలాగోలా చెప్పగలను. కానీ జబ్బుపడ్డవాళ్ల ఇంటికో, చావు జరిగిన ఇంటికో వెళ్తే నోట మాట రాదు. బయల్దేరక ముందే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పగలరా?"

నోట మాట రావడం లేదంటున్నారు కదా, కొన్నాళ్లు అలాగే ఉండనివ్వండి. నాకు మాట బాగా వచ్చేది. ఆ మాటవల్లే మొదటి ఏడాది ఒక ఇంటిని దాదాపు పోగొట్టుకున్నాను.

మాది ప్రకాశం జిల్లాలో పొగాకు, శనగ వేసే ఊరు. బాప్టిస్టు సంఘం, ఎనభై చిల్లర కుటుంబాలు. ఎక్కువమంది కూలి పనులకు వెళ్లేవాళ్లే. ఇక్కడికొచ్చి పద్దెనిమిదేళ్లు దాటింది. వచ్చిన నాలుగో నెలలో మా సంఘంలో ఒకామె కొడుకు బండి ప్రమాదంలో పోయాడు. ఇరవై రెండేళ్ల పిల్లాడు.

భూస్థాపన అయిన మర్నాడు పొద్దున్నే వెళ్లాను. వేపచెట్టు కింద షామియానా వాళ్ల కుర్చీలు ఇంకా అలాగే ఉన్నాయి. ఆమె గడపకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. నేను కుర్చీ లాక్కుని కూర్చుని, బైబిలు తెరిచి రోమా 8:28 చదివాను. దేవుణ్ణి ప్రేమించేవాళ్లకు అన్నీ మేలుకే సమకూడి జరుగుతాయని ఇరవై నిమిషాలు చెప్పాను. బైబిలు కాలేజీలో నేర్చుకున్నదంతా ఆ గడప ముందు పరిచాను. మధ్యలో పంచాయతీ కుళాయి వచ్చింది. ఆమె లేచి, బిందె తీసుకుని వెళ్లిపోయింది. తిరిగొచ్చి నావైపు చూడకుండానే లోపలికి పోయింది. మిగిలిన వాక్యం పక్కింటివాళ్లకు చెప్పి, ప్రార్థన చేసి వచ్చేశాను. నిజం చెప్పాలంటే నాకు కొంచెం కోపం కూడా వచ్చింది.

సాయంత్రం సంఘంలోని పెద్దావిడ ఒకామె మా ఇంటికొచ్చింది. చదువు రాదు గానీ కీర్తనలన్నీ ఆమెకు కంఠతా వచ్చు. మా ఆవిడతో కాసేపు మాట్లాడి, లేచేటప్పుడు నాతో అంది: "అయ్యగారూ, వాక్యం బాగానే చెప్పారు. ఆ పిల్ల నిన్న మధ్యాహ్నం నుంచి ఏం తినలేదు. మీరు లేస్తే నాలుగు ముద్దలు పెడదామని గిన్నె పట్టుకుని దొడ్డివైపు నిలబడ్డాను."

అంతే అంది. వెళ్లిపోయింది.

ఆ కొడుకు పోయిన తల్లి ఏడు నెలలు గుడికి రాలేదు. "నా బిడ్డ చావు మేలుకే అన్న మనిషి మొహం చూడలేను" అందని ఆ నోటా ఈ నోటా నాదాకా వచ్చింది. నేను సరిగ్గా ఆ మాట అనలేదు. కానీ ఆమె చెవికి అలాగే వినబడింది, దానికి ఆమెను తప్పుపట్టలేను.

తర్వాత మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయం మళ్లీ చదివాను. అంతకుముందు దాని మీద రెండు ప్రసంగాలు కూడా చెప్పాను. ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని చెట్టు కింద పడుకున్నాడు. దూత వచ్చి తట్టి లేపి, లేచి తినమన్నాడు. రొట్టె ఉంది, నీళ్లున్నాయి. తిని మళ్లీ పడుకున్నాడు. దూత మళ్లీ లేపి మళ్లీ తినమన్నాడు, ప్రయాణం నీ శక్తికి మించిందన్నాడు. ఇక్కడేం చేస్తున్నావని దేవుడు అడిగింది నలభై రోజులు నడిచి హోరేబు కొండ చేరాకే. మా పెద్దావిడ గిన్నె పట్టుకుని నిలబడిన చోట నేను హోరేబు ప్రసంగం మొదలుపెట్టానన్నమాట.

మా వైపు ఈ సంగతి కొత్తదేం కాదు. ఒంగోలు క్లౌ దొర, అంటే అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గురించి మా తాతగారు చెబుతుండేవారు. 1876–78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఆయన బకింగ్‌హాం కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం పని కాంట్రాక్టు తీసుకున్నారు. మన జనానికి పని, కూలి దొరకాలని. బోధకులే మేస్త్రీలయ్యారు. జనం పలుగూ పారా పక్కన పెట్టి కాసేపు నడుం వాల్చినప్పుడు వాళ్ల మధ్య కూర్చుని మాట్లాడేవారు. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం అడిగినా ఇవ్వలేదు, గంజి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని. కరువు తగ్గాక, 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. మా సంఘంలో అందరూ ఆ అంకె గర్వంగా చెప్పుకుంటారు. నాకైతే దానికి ముందు నడుం వాల్చిన జనం మధ్య కూర్చున్న ఆ మేస్త్రీలే గుర్తొస్తారు.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. చావు ఇంటికి వెళ్తే నేనేం చేస్తానంటే, చెప్పులు బయట విడిచి, వాళ్లు ఎక్కడ కూర్చుంటే అక్కడ కూర్చుంటాను. నేల మీద ఉంటే నేల మీదే. పేరు పెట్టి పిలుస్తాను, చనిపోయినవాళ్ల పేరు కూడా అంటాను. చాలామంది పోయినవాళ్ల పేరెత్తితే బాధపడతారని దాటేస్తారు. నేను చూసినంతలో పేరెత్తితేనే వాళ్లకు ఊపిరి ఆడుతుంది. "పెద్దబ్బాయి చిన్నప్పుడు ఎలా ఉండేవాడమ్మా?" అంటే చాలు, ఇక మనం మాట్లాడాల్సిన పని ఉండదు. ఏడుపొస్తే ఏడవనివ్వండి. "ఏడవకమ్మా, సాక్ష్యం పాడవుతుంది" అనే పెద్దమనుషులు ప్రతి సంఘంలోనూ ఉంటారు, వాళ్లను మెల్లగా టీ తాగే నెపంతో బయటికి తీసుకెళ్లండి. లాజరు సమాధి దగ్గర యేసుప్రభువే కన్నీళ్లు విడిచాడు, ఇక మనమెంత.

బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు స్నేహితుల్ని మనం తిడతాం గానీ, మొదటి ఏడు రోజులు వాళ్లు ఒక్క మాటా మాట్లాడకుండా అతనితో నేల మీద కూర్చున్నారు. నోరు తెరిచాకే పాడు చేశారు.

లేచే ముందు మాత్రం ప్రార్థన చెయ్యమంటారా అని అడగండి. వద్దంటే వద్దు. చేస్తే రెండు నిమిషాలు, కీర్తనల గ్రంథంలోంచి ఒక్క కీర్తన, 23 గానీ 121 గానీ, వివరణ లేకుండా. వివరణలకు చావు తర్వాత పెట్టే ఆదరణ కూడిక ఉంది, ఆదివారాలున్నాయి.

మంచినీళ్ల సంగతి ఒకటి చెప్పాలి. వచ్చిన కొత్తలో నాకు కిడ్నీలో రాళ్లు. కాచిన నీళ్లే తాగమని డాక్టరు చెప్పారని సీసా వెంట తీసుకెళ్లేవాణ్ణి. ఇంట్లోవాళ్లు గ్లాసుతో నీళ్లు తెస్తే "ఉన్నాయమ్మా" అని నా సీసా చూపించేవాణ్ణి. నెల తర్వాత తెలిసింది, పాలెంలో, అంటే దళితవాడలో, "అయ్యగారు మన నీళ్లు తాగరంట" అనుకుంటున్నారని. ఆ మాట వెనక ఎన్ని తరాల బాధ ఉందో మీకూ తెలిసే ఉంటుంది. బావి దగ్గర దూరంగా నిలబడి, ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టిన తాతల మనవలు వాళ్లు. ఆ రోజు నుంచి సీసా ఇంట్లోనే. గ్లాసు నిండా ఇస్తే నిండా తాగుతాను. రాళ్లు ఇంకోసారి వచ్చాయి, పోయాయి. ఆ మాట మాత్రం పూర్తిగా పోవడానికి రెండేళ్లు పట్టింది. టీ కూడా అంతే, వద్దనకండి. భోజనం వేళకు మాత్రం వెళ్లకండి, మీ కోసం కోడిగుడ్డు అప్పు తెస్తారు.

ఏ వేళకు వెళ్లాలంటే, మా దగ్గర పొగాకు పనుల సీజన్‌లో రాత్రి ఏడున్నర దాటాకే ఇంట్లో మనిషి దొరికేది. పొద్దున పదింటికి నీటుగా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్తే ముసలాళ్లూ తాళాలే కనిపిస్తాయి. కొన్నిసార్లు పనిచేసే చోటికే వెళ్లి ఆ పక్కన నిలబడి మాట్లాడతాను. పని ఆపమనను, కూలి పోతుంది.

ఆసుపత్రికి వెళ్తే నర్సును అడిగి లోపలికి వెళ్లండి, మంచం మీద కూర్చోకండి, గొంతు తగ్గించండి. పక్క మంచం వాళ్లు కూడా జబ్బు మనుషులే. యాకోబు పత్రిక చెప్పినట్టు నూనె రాసి ప్రార్థన చేయడం మా సంఘంలోనూ ఉంది, నేనూ చేస్తాను. కానీ "ప్రార్థన అయింది కదా, ఇక మాత్రలెందుకు, అవిశ్వాసమా?" అనే మనిషి ఎవరైనా కనబడితే నాకు ఒళ్లు మండుతుంది. మా ఊళ్లో ఒకాయన ఎక్కడో స్వస్థత కూటానికి వెళ్లొచ్చి షుగరు ఇంజెక్షన్ ఆపేశాడు. నాలుగో రోజు ఆటోలో పడుకోబెట్టి తీసుకెళ్లాం. బతికాడు, దేవునికి స్తోత్రం. నూనె రాసేటప్పుడే మాత్రలు వేసుకున్నారా అని అడగడం అప్పుడు అలవాటైంది.

అలాగే చనిపోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే దాన్ని విశ్వాసం తగ్గిందని కొట్టిపారేయకండి. ఆ రాత్రి వాళ్లను ఒంటరిగా వదలకండి, పురుగుమందు డబ్బా ఇంట్లో ఉంటే బయటికి తెప్పించండి, 14416కి ఫోన్ చేయించండి. అది టెలిమానస్ నంబరు, ప్రభుత్వానిదే, తెలుగులో మాట్లాడతారు. భర్త కొడుతున్నాడని చెప్పే ఆడమనిషికి ఓర్చుకోమని మాత్రమే చెప్పి పంపకండి, మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఇవ్వండి. ఆడవాళ్లు మాత్రమే ఉన్న ఇంటికి ఒంటరిగా వెళ్లకండి. నేనైతే మా ఆవిడనో, సంఘపెద్ద ఒకరినో తీసుకెళ్తాను, వాకిట్లోనే కూర్చుంటాను.

విన్నదాన్ని కడుపులో దాచుకోవడం అన్నింటికన్నా కష్టం. మన సంఘాల్లో రహస్యం బయటపడేది చాడీల్లో కాదు, ప్రార్థనలో. శుక్రవారం ఉపవాస కూడికలో మైకు పట్టుకుని "ప్రభువా, ఆ చివరింటి సోదరి భర్త నిన్న రాత్రి ఏం చేశాడో నీకు తెలుసు" అని మొదలుపెడతారు. ప్రభువుకు తెలుసు, ఆ మైకు దయవల్ల ఊరికీ తెలుస్తుంది. ఇప్పుడు మా దగ్గర ప్రార్థన మనవుల్లో పేర్లు చెప్పకూడదని నియమం పెట్టాం. మొదట్లో ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు, పర్వాలేదు.

డబ్బు సాయం గురించి ఒక్క ముక్క: మీ జేబులోంచి ఇస్తే ఇచ్చేసి మర్చిపోండి, సంఘం సొమ్మయితే ఎంత చిన్నదైనా పుస్తకంలో రాయించండి.

నా దగ్గర రూళ్ల నోటుపుస్తకం ఒకటుంది. అందులో ప్రసంగాలు ఉండవు. ఎవరు ఎప్పుడు పోయారు, ఎవరికి ఆపరేషన్ ఎప్పుడు, ఏ పిల్లకు పరీక్ష ఫలితాలు ఎప్పుడు, ఇవి రాసుకుంటాను. చావు జరిగిన మొదటి వారం ఇల్లు పట్టనంత మంది వస్తారు. నలభై రోజులయ్యాక ఎవరూ రారు. అప్పుడు వెళ్లండి. ముఖ్యంగా ఆ ఇంట్లో మొదటి క్రిస్మస్‌కు ముందు. అందరిళ్ల మీదా నక్షత్రాలు వెలుగుతుంటాయి, క్యారల్స్ వాళ్లు డప్పులతో వస్తారు, ఆ ఇంటి ముందుకు రాగానే ఆపాలో పాడాలో తెలియక నసుగుతారు. మేం ముందు రోజే వెళ్లి అడుగుతాం. ఒక్కో ఇల్లు రమ్మంటుంది, ఒక్కోటి వద్దంటుంది. వద్దన్నచోట డప్పు ఆపి, తలుపు తట్టి కేకు పొట్లం ఇచ్చి వస్తాం.

ఆ కొడుకు పోయిన తల్లి సంగతి చెప్పలేదు కదూ. ఆ ఏడు నెలలూ రెండు వారాలకోసారి వెళ్లేవాణ్ణి. వాక్యం ఎత్తలేదు. మొదటి రెండు మూడుసార్లు పలకలేదు. ఒకసారి కుళాయి వచ్చే వేళకు వెళ్లి, ఆమె అడక్కుండానే రెండో బిందె మోశాను. నీళ్లన్నీ చొక్కా మీదే పోసుకున్నాను. ఆమె మొదటిసారి నవ్వింది, నవ్వి వెంటనే ఏడ్చింది. పునరుత్థాన పండుగ, అంటే ఈస్టర్ నాడు తెల్లవారుజామున మేం సమాధుల దగ్గర ఆరాధన చేస్తాం. ఆ ఏడాది ఆమె చీకట్లోనే వచ్చి కొడుకు సమాధి పక్కన కూర్చుంది. పాటలు పాడలేదు. తర్వాతి ఆదివారం గుడికి వచ్చింది. నేను క్షమించమని అడిగాను. "మీరేదో కుర్రతనంతో అన్నారులే అయ్యగారూ" అంది.

ఇప్పుడు పాలెంలో ఎవరు పోయినా నాకన్నా ముందు ఆమే అక్కడ ఉంటుంది. పోయిన నెల ఒక ఇంటికి నేను వెళ్లేసరికి పొయ్యి వెలిగించి పిల్లలకు ఉప్మా పెడుతోంది. నన్ను చూసి, కాసేపు బయట కూర్చోమని చేత్తోనే చెప్పింది. కూర్చున్నాను.

ఇంకో మాట, మర్చిపోయేలా ఉన్నాను. రాత్రిళ్లు తిరగాలి కాబట్టి టార్చిలైటు ఒకటి కొనుక్కోండి, సెల్‌ఫోన్ లైటు చాలదు. కొత్త మనిషిని వీధి కుక్కలు మూడు నెలలదాకా ఒప్పుకోవు.