ప్రాయశ్చిత్త దినాన రెండు మేకలు ఎందుకు, ఒకటి సరిపోదా?

ప్రాయశ్చిత్త దినం అంటే ఇశ్రాయేలీయులు పాపక్షమాపణ కోసం ఏటా పాటించే రోజు. బైబిల్లో లేవీయకాండం 16 చూడండి, ప్రధాన యాజకుడు రెండు మేకలకి చీట్లు వేస్తాడు, ఒకదాన్ని వధించి ఆ రక్తం ఆరాధన గుడారంలో తెర లోపలికి తీసుకెళ్ళి కరుణాపీఠం (నిబంధన మందసం మీది బంగారు మూత) మీదా దాని ముందూ చల్లుతాడు, జనం పాపాల వల్ల అపవిత్రమైన గుడారం అలా శుద్ధి అవుతుందన్నమాట. రెండోదాని తలమీద రెండు చేతులూ పెట్టి పాపాలన్నీ ఒప్పుకుని అరణ్యంలోకి తోలేస్తారు, పాపాన్ని అది మోసుకుపోతుంది. ఒకటి శుద్ధికి, ఇంకోటి తీసేయడానికి, అందుకే రెండు.

దేవుడు కోపంతో రక్తం అడిగాడు అనేస్తారు చాలామంది, నాకైతే అది సగమే అనిపిస్తుంది, ఎందుకంటే మరీ పేదవాడు పాపపరిహారానికి గోధుమపిండి తెచ్చినా చెల్లేది (లేవీయకాండం 5:11).

క్రైస్తవులు ఈ రెండు పనులూ యేసులోనే చూస్తారు, ఏటేటా చేయాల్సి వచ్చినదాన్ని ఆయన సొంత రక్తంతో ఒక్కసారే ముగించాడని కొత్త నిబంధనలోని హెబ్రీ పత్రిక (అంటే లేఖ) వాదన.