కిరణ్ అంటే అబ్బాయేనా?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ. మా అమ్మాయి పేరు కిరణ్, ఇంట్లో బుజ్జి అంటాం. పేరు చూసి బడి రిజిస్టర్లో 'అబ్బాయి' అని రాసేశారు. దిద్దమంటే, కిరణ్మయి అని మార్చుకుంటే ఏ గొడవా ఉండదంటున్నారు. ఆడపిల్లకు ఈ పేరు పెట్టడం తప్పా? రేషన్ కార్డులో బుజ్జి అనే ఉంది, అదో టెన్షన్.

జవాబు: పేరు మాత్రం మార్చకండి. ఫలానా పేరు ఆడవాళ్లది, ఫలానాది మగవాళ్లది అని చెప్పే చట్టం మన దేశంలో లేదు. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం పిల్ల పేరు రాయించమంటుందే గానీ ఎలాంటి పేరు పెట్టాలో చెప్పదు, ఆడా మగా అన్నదానికి వేరే గడి ఉంది, అక్కడ రాసిందే లెక్క.

ప్రాణహిత నది దాటి తెలంగాణలోకి వస్తే కిరణ్ అనగానే కుర్రాడే గుర్తొస్తాడు, మరాఠీ ఇళ్లల్లో ఎవరైనా కావచ్చు. మాజీ వికెట్ కీపర్ కిరణ్ మోరే, మాజీ ఐపీఎస్ కిరణ్ బేడీ, ఇద్దరిదీ ఒకటే పేరు కదా. మీ బడి గుమాస్తా తెలుగు చెవితో విన్నట్టున్నాడు! మన రత్నం, మాణిక్యం మాత్రం ఎవరివి?

ఇంకో సంగతి, ఇదే కిరణ్ పేరు మీద జర్మనీలో ఓ ఆడపిల్ల తల్లిదండ్రులు రాజ్యాంగ న్యాయస్థానం దాకా వెళ్లారు, పేరు చూడగానే ఆడో మగో తెలిసి తీరాలని చట్టంలో ఎక్కడా లేదని 2008లో ఆ కోర్టు తేల్చేసింది. మన సుప్రీంకోర్టు కూడా 2021లో జిగ్యా యాదవ్ కేసులో, పేరు మనిషి భావప్రకటన హక్కులో భాగమేనంది.

ఇక పని. ముందు జనన సర్టిఫికెట్ తీసి చూడండి. అందులో స్త్రీ అని ఉంటే దాని కాపీ జతచేసి హెడ్మాస్టరుకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. పదో తరగతి ఫారాలు రిజిస్టరు చూసే నింపుతారు కాబట్టి అప్పటిదాకా ఆగొద్దు. తప్పు సర్టిఫికెట్‌లోనే ఉంటే జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం 15వ సెక్షన్ కింద రిజిస్ట్రారే దిద్దుతారు, పాత రాతను చెరపకుండా మార్జిన్లో రాసి సంతకం పెడతారు. పేరు మారడం లేదు గనక గెజిట్ అక్కర్లేదు. ఆధార్ కూడా ఓసారి చూసుకోండి, అందులో ఆడా మగా అన్నది ఒక్కసారే మార్చనిస్తారు.

నన్నడిగితే అసలు చిక్కు బుజ్జితోనే. ముద్దుపేరు నేరమేమీ కాదు, కానీ ఆ పేరుతో పిల్లకు ఇంకో కాగితం లేదు. కిరణ్, బుజ్జి ఒక్కరేనని అఫిడవిట్ రాసి, జనన సర్టిఫికెట్‌తో కలిపి తహసీల్ ఆఫీసులో రేషన్ కార్డులు చూసేవాళ్లకు ఇచ్చి ఇప్పుడే మార్పించుకోండి.