జర్మనీలో గుండెల్లో మంటకి మన పాన్-డి ఎందుకు దొరకదు, మరేం వాడాలి?

మీరు అడిగింది ఇదీ: జర్మనీకి వచ్చాక రాత్రిళ్లు గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు ఎక్కువయ్యాయి. ఇండియా నుంచి తెచ్చుకున్న పాన్-డి స్ట్రిప్పులు అయిపోయాయి. ఇక్కడ షాపులో అడిగితే అలాంటి మందే లేదన్నారు. ఎక్కడ దొరుకుతుంది?

ఎక్కడా దొరకదండీ. బెర్లిన్‌లోనూ దొరకదు, మ్యూనిక్‌లోనూ దొరకదు. ఎవరైనా ఇండియన్ స్టోర్ వాడు కౌంటర్ కింద నుంచి తీసి ఇచ్చినా కొనకండి.

ఆ క్యాప్సూల్లో రెండు మందులుంటాయి. ఒకటి పాంటాప్రజోల్, కడుపులో ఆమ్లం తయారవడాన్ని తగ్గిస్తుంది. దాంట్లో ఇబ్బందేం లేదు, 20 మిల్లీగ్రాములది ఇక్కడ డాక్టర్ చీటీ లేకుండానే ఇస్తారు. గొడవంతా రెండోదానితో, డోంపెరిడోన్‌తో. గుండె లయ తప్పే ప్రమాదం ఉందని 2014లో యూరప్ మందుల నియంత్రణ వాళ్లు దాన్ని గుండెల్లో మంటకీ, కడుపుబ్బరానికీ వాడొద్దని తేల్చేశారు. వికారం, వాంతులకి మాత్రమే వాడాలి, అదీ తక్కువ మోతాదులో, మామూలుగా వారం దాటకుండా. జర్మనీలో డాక్టర్ చీటీ ఉంటే తప్ప దాన్ని ముట్టుకోనివ్వరు. మనవాళ్లు ఏళ్ల తరబడి పొద్దున్నే కాఫీ కంటే ముందు వేసుకునే క్యాప్సూల్లో సగం సంగతి ఇదీ. పెద్దవాళ్లు ఎసిడిటీకి అడిగే రానిటిడిన్ కూడా ఇక్కడ లేదు. అందులో ఎన్‌డీఎంఏ అనే మలిన పదార్థం కనిపించింది, దానివల్ల క్యాన్సర్ రావచ్చన్న అనుమానంతో 2020లో యూరప్ అంతటా అమ్మకం ఆపేశారు.

ఇక మీరు తరవాత ఏం చేస్తారో నాకు తెలుసు. తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో "హైదరాబాద్ నుంచి ఎవరైనా వస్తున్నారా? చిన్న ప్యాకెట్టే అండీ" అని పెడతారు. మా గ్రూపులో ఉగాది శుభాకాంక్షల కంటే ఈ మెసేజీలే ఎక్కువ. తెచ్చేవాడి పెట్టెలో వాడి బట్టలకి చోటుండదు గానీ ఊళ్లోవాళ్ల మందులన్నీ ఉంటాయి. రూలేమిటంటే, ప్రయాణంలో మన సొంత వాడకానికి మూడు నెలలకి సరిపడా మందులు తెచ్చుకోవచ్చు. పక్కింటివాళ్ల వాడకం సొంత వాడకం కిందికి రాదు. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి మామూలు మనుషులు మందులు పార్శిల్‌లో తెప్పించుకోవడం అసలు కుదరదు. అమ్మ ప్రేమగా కొరియర్ చేసినా కస్టమ్స్ దగ్గరే ఆగిపోతుంది.

అసలు ఆ స్ట్రిప్పు దొరక్కపోవడమే మీకు మంచిదని నేనంటాను. ఎందుకంటారా? మా మామగారి సంగతి వినండి.

రిటైరయ్యాక ఆయన, అత్తయ్యగారు మమ్మల్ని చూడ్డానికి స్టుట్‌గార్ట్ వచ్చారు. పెట్టెలో ఒక ప్లాస్టిక్ కవరు నిండా మాత్రలు. ఏది దేనికో ఆయనకి తప్ప ఎవరికీ తెలియదు. ఒక ఆదివారం రాత్రి పడుకోబోతే గొంతులోకి పుల్లగా తన్నుకొస్తోందని లేచి కూర్చున్నారు. "గ్యాస్ బాబూ, కొత్తేం కాదు. నా క్యాప్సూల్ అయిపోయింది, అదొక్కటి తెచ్చిపెట్టు చాలు" అన్నారు. ఆదివారం రాత్రి, జర్మనీలో, ఒక క్యాప్సూల్. మన దగ్గర సందు చివర షాపువాడు సగం వేసిన షట్టర్ కింద నుంచి ఇచ్చేస్తాడు కాబట్టి ఆయన దృష్టిలో అది ఐదు నిమిషాల పని.

ఇక్కడ ఆదివారాలు అపోటెకెలన్నీ, అంటే మందుల షాపులన్నీ, మూసేస్తారు. వంతులవారీగా ఒకటో రెండో డ్యూటీలో ఉంటాయి. ఆ రాత్రి ఎవరి వంతో మూసి ఉన్న ప్రతి షాపు తలుపు మీదా రాసి పెడతారు, మొబైల్ నుంచి 22833కి చేసినా చెప్తారు. ఆ రోజు వంతు మాకు ఎక్కడో దూరంగా ఉన్న షాపుది. రెండు బస్సులు మారి వెళ్లాను. ఎర్రటి ఏ అక్షరం బోర్డు వెలుగుతోంది, తలుపుకి మాత్రం తాళం. బెల్లు కొడితే తలుపులో చిన్న కిటికీ తెరుచుకుంది. లోపలికి రానివ్వరు, అన్నీ ఆ కిటికీలోంచే.

లోపల తెల్లకోటు ఆవిడకి ఫోన్లో ఖాళీ స్ట్రిప్పు ఫొటో చూపించాను. చూసి, ఇది ఇక్కడ లేదంది. అక్కడితో కిటికీ మూసేస్తుందనుకున్నా. మూయలేదు. ఎవరికి, వయసెంత, ఎన్నాళ్ల నుంచి, ఇంకేం మందులు వాడతారు అని మొదలుపెట్టింది. ఇంకేం మందులంటే నాకేం తెలుసు? ఇంటికి ఫోన్ చేయమంది. స్పీకర్‌లో పెట్టి దుబాసీ పని మొదలుపెట్టాను. నొప్పి చేతికో దవడకో పాకుతోందా, చెమటలు పట్టాయా? లేదు. ముద్ద మింగితే అడ్డం పడుతోందా? లేదు. బరువు తగ్గారా? "మీ ఇంటికొచ్చాక పెరిగాను బాబూ" అన్నారు. ఆ తరవాత ప్రశ్న, విరేచనం నల్లగా అవుతోందా అని.

అల్లుడు మామగారిని ఈ మాట ఎలా అడుగుతాడు చెప్పండి. "మామయ్యగారూ, ఒక్కసారి ఫోన్ మీ అమ్మాయికివ్వండి" అన్నాను. మా ఆవిడకి చెప్తే తను నోరు నొక్కుకుని వాళ్లమ్మకి చెప్పింది. అత్తయ్యగారు అడిగారు. అటునుంచి మామగారి గొంతు, "ఆ సంగతి అల్లుడికెందుకే!" అని. కిటికీలో ఆవిడ ఓపిగ్గా నిలబడే ఉంది. కాసేపటికి అత్తయ్యగారు ఫోన్లో గట్టిగా, వీధంతా వినపడేలా, "లేదట నాయనా, మామూలుగానే ఉందట" అన్నారు. నయం, ఆ వీధిలో ఇంకెవరికీ తెలుగు రాదు.

ఇక మాత్రల లిస్టు. బీపీకి ఒకటి, ఇంకో విటమిన్ బిళ్ల, అంతే అన్నారు. ఆవిడ వదల్లేదు, నొప్పులకేమైనా వేసుకుంటారా అంది. "మోకాళ్లకి ఒకటి వేసుకుంటారులే, అది మందు కాదు, నొప్పి బిళ్ల" అన్నారు అత్తయ్యగారు. ఫొటో పంపించమన్నాను. డైక్లోఫెనాక్. రోజుకి రెండు, నెలల తరబడి. అది కడుపు లోపలి పొరని దెబ్బతీస్తుంది, పుండు పడి లోపల్లోపల రక్తం కారే ప్రమాదమూ ఉంది, బీపీ ఉన్నవాళ్లకి మరీ మంచిది కాదు. నల్లటి విరేచనం గురించి ఆవిడ అడిగింది అందుకే.

కిటికీలోంచి ఆవిడ అన్నమాట ఇది: "మంటకి మందు అడుగుతున్నారు, మంట పెట్టే మందు మీ ఇంట్లోనే ఉంది."

ఆ రాత్రికి ఆమ్లాన్ని చల్లార్చే మగాల్డ్రేట్ జెల్ సాచెట్లు ఇచ్చింది, ఇక్కడ రియోపాన్ పేరుతో దొరుకుతుంది. డాక్టరు చూసేదాకా ఆ నొప్పి బిళ్ల ఆపమంది, రేపే చూపించమంది. రక్తం వాంతి అయినా, విరేచనం నల్లగా వచ్చినా ఆలోచించకుండా ఎమర్జెన్సీ నంబరు 112 కి చేయమంది. మందు ధర మీద వేళ కాని వేళ వచ్చినందుకు 2.50 యూరోలు అదనం. నా దృష్టిలో అంత చవకైన డాక్టర్ ఫీజు ఇంకోటి లేదు. మర్నాడు డాక్టరు కూడా అదే చెప్పి, మోకాళ్లకి పైపూతగా రాసుకునే జెల్, కడుపుకి కొన్ని వారాలు పాంటాప్రజోల్ లాంటిదే ఒమెప్రజోల్ రాశాడు. మంట తగ్గింది. మామగారు మాత్రం "క్యాప్సూల్ తెమ్మంటే ఉన్న బిళ్ల కూడా లాక్కున్నారు" అని చుట్టాలందరికీ చెప్తారు.

ఊళ్లో ఆయనకి ఆ క్యాప్సూలూ, ఈ బిళ్లా ఒకే షాపువాడు ఒకే కవర్లో వేసి ఇచ్చేవాడు. ఏళ్ల తరబడి ఒక్క ప్రశ్న లేదు. అడగ్గానే ఇచ్చేయకపోవడమే ఇక్కడి వైద్యంలో సగం అని నా గట్టి నమ్మకం. ఎవరు కాదన్నా ఒప్పుకోను. మిగతా సగం గురించి మాత్రం అడక్కండి. కొత్త పేషెంటుగా స్పెషలిస్టు అపాయింట్‌మెంట్ అడిగి చూడండి, వాళ్లిచ్చే తేదీకి మంట దానంతటదే తగ్గిపోయి ఉంటుంది.

సరే, మీకు ఏం దొరుకుతుందో చెప్తాను. ఎప్పుడో ఒకసారి, బాగా తిన్న రోజు వచ్చే మంటకి రెన్నీ అనే బిళ్ల నమిలితే చాలు. అందులో కాల్షియం కార్బొనేట్, మెగ్నీషియం కార్బొనేట్ ఉంటాయి, నిమిషాల్లో పని చేస్తుంది, తొందరగానే దిగిపోతుంది కూడా. టాల్సిడ్ కూడా నమిలే బిళ్లే, మందు వేరు, పని అదే. మన జెలూసిల్, డైజీన్ అలవాటున్నవాళ్లకి నేను చెప్పిన రియోపాన్ జెల్ దగ్గరగా ఉంటుంది. మీకు పడుకున్నాక పైకి తన్నుకొస్తోందంటున్నారు కాబట్టి గావిస్కాన్ అడగండి. అందులోని ఆల్జినేట్ కడుపులో ఉన్నదాని పైన నురగలా తేలి, ఆమ్లం పైకి రాకుండా మూతలా పని చేస్తుంది. భోజనాల తరవాత ఒకసారి, పడుకునే ముందు ఒకసారి వేసుకోవాలి. బీపీ ఉంటే అందులో సోడియం ఉందని గుర్తుంచుకోండి. ఈనోకి బదులు కావాలంటే బుల్రిచ్ సాల్ట్ అని వంటసోడాయే ఉంది, 1827 నుంచి బెర్లిన్‌వాళ్లు తాగుతున్నారు. గట్టి తేన్పు వచ్చి హాయిగా ఉంటుంది, కానీ ఉప్పు తినకూడనివాళ్లకి అదీ పనికిరాదు. ఇదొక్కటీ సబ్బులు, షాంపూలు అమ్మే డీఎం, రాస్‌మన్ దుకాణాల షెల్ఫుల్లో దొరుకుతుంది. పాంటాప్రజోల్ కోసం అక్కడ వెతికి లాభం లేదు, అపోటెకెకే వెళ్లాలి. థైరాయిడ్ మాత్రకీ, ఐరన్ మాత్రకీ, కొన్ని యాంటీబయాటిక్స్‌కీ ఈ నమిలే బిళ్లలతో పడదు, మధ్యలో కొన్ని గంటల గ్యాప్ కావాలి. ఎంతో ఆ షాపులోనే అడగండి, చెప్పకుండా పంపరు.

వారంలో చాలా రోజులు వస్తోందంటే ఒమెప్రజోల్ గానీ పాంటాప్రజోల్ గానీ 20 మిల్లీగ్రాములది అడగండి. 14 మాత్రల డబ్బా ఇస్తారు. ఇవి మంట వచ్చాక వేసుకునేవి కావు. పొద్దున తినడానికి అరగంట ముందు, నమలకుండా మింగాలి. పూర్తిగా పని చేయడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మనవాళ్లు బిర్యానీ తిన్నాక పదకొండింటికి ఒకటి వేసుకుని "జర్మన్ మందులు పని చేయవు" అంటారు, నాకు ఒళ్లు మండుతుంది. రెండు వారాలు వాడినా తగ్గకపోతే ఇంకో డబ్బా కొనకుండా హౌస్ డాక్టర్, అంటే మన ఫ్యామిలీ డాక్టర్ లాంటాయన, దగ్గరికి వెళ్లండి. అర్ధరాత్రి డాక్టరుతో మాట్లాడాలంటే 116117 ఉంది.

ఇంకో సంగతి. ఇక్కడ కడుపులో ఏమన్నా సరే ఆఫీసులోవాళ్లు పుదీనా టీ తాగమంటారు. జలుబుకీ అదే, బ్రేకప్‌కీ అదే. కడుపుబ్బరానికి ఓకే గానీ పైకి తన్నుకొచ్చే మంటకి వద్దు. అన్నవాహికకీ కడుపుకీ మధ్య ఉండే కండరాన్ని పుదీనా వదులు చేస్తుంది, ఆ కండరం వదులవడమే మన రోగం. చాక్లెట్, ఆల్కహాల్, సిగరెట్ కూడా అంతే. బీపీకి ఇచ్చే అమ్లోడిపిన్‌కీ కొంత ఆ గుణం ఉంది, అలాగని దాన్ని మీ అంతట మీరు ఆపకండి, డాక్టరుతో చెప్పండి. టీ కావాల్సిందే అంటే సోంపు టీ తాగండి.

మందు కంటే ముందు మీ భోజనం టైమ్ చెప్పండి. ఇక్కడ తెలుగు కుర్రాళ్లు చాలామంది ఆఫీసు నుంచి వచ్చి, ఇండియాకి వీడియో కాల్ చేసి, వండి, తినేసరికి పది దాటుతుంది. పదకొండుకి మంచమెక్కుతారు. తినడానికీ పడుకోవడానికీ మధ్య మూడు గంటలు ఉండాలి. తలగడలు పేర్చుకుంటే పొట్ట నొక్కుకుపోతుంది తప్ప లాభం లేదు. మంచం తలవైపు కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టి ఓ 15, 20 సెంటీమీటర్లు లేపండి, ఎడమ పక్కకి తిరిగి పడుకోండి. అద్దె ఇంటి మంచం కదా అని భయపడకండి, దిమ్మలకి ఓనరు ఏమీ అనడు. మా ఓనరు మాత్రం అన్నాడు, అది వేరే కథ.

అవునూ, మీరు తలనొప్పికో నడుంనొప్పికో మామగారి డైక్లోఫెనాక్ కోవకే చెందిన ఐబుప్రొఫెన్ లాంటివేమైనా వేసుకుంటున్నారా? ప్రశ్నలో ఆ సంగతి రాయలేదు.