పెద్ద ప్లేయర్ అయితే చాలా, నేషనల్ టీమ్ కోచ్ అయిపోవచ్చా?

తిరుపతిలో మా పిల్లలకి నెట్స్‌లో బంతులు విసిరేటప్పుడు కూడా ఇదే ప్రశ్న వస్తుంటుంది: "సార్, టెస్టుల్లో పదివేలు కొట్టినోడికి కోచింగ్ ఓ లెక్కా?"

లెక్కే. ద్రవిడ్‌నే చూడండి. 2012లో అంతర్జాతీయ క్రికెట్‌కి గుడ్‌బై చెప్పారు. సీనియర్ టీమ్ కోచ్ అయింది 2021 నవంబర్‌లో. మధ్యలో ఖాళీగా లేరు. 2015 నుంచి అండర్-19, ఇండియా-ఎ కుర్రాళ్లని చూసుకున్నారు. 2018లో అండర్-19 ప్రపంచకప్ గెలిపించారు, 2019లో బెంగళూరులోని నేషనల్ క్రికెట్ అకాడమీ పగ్గాలు తీసుకున్నారు. శుభ్‌మన్ గిల్ సీనియర్ టీమ్‌కి వచ్చేసరికే ద్రవిడ్‌కి బాగా తెలిసిన కుర్రాడు.

అసలు చిక్కు ఎక్కడంటే, మనకి వచ్చింది ఎదుటివాడికి రప్పించడం. మా దగ్గర ఓ కుర్రాడికి "తల వంచకు" అని వారమంతా చెప్పాను, మారలేదు. చివరికి బ్యాట్ పక్కన పెట్టించి, బంతిని ఒంటిచేత్తో పట్టమన్నాను. అప్పుడు తల నిలబడింది. నేను ఆడే రోజుల్లో ఇది నాకే తట్టలేదు!

పైగా కోచ్ బ్యాట్ పట్టుకుని దిగలేడు. 2023 వన్డే ప్రపంచకప్‌లో వరసగా పది మ్యాచ్‌లు గెలిచి ఫైనల్లో ఓడినప్పుడు ద్రవిడ్ చేయగలిగింది బయట కూర్చుని చూడటమే. ఆ టెన్షన్ వేరు. 2024 జూన్‌లో టీ20 కప్పు చేతికొచ్చాక, అంత నెమ్మదస్తుడూ కేక పెట్టేశారు.

గంభీర్ దారి వేరనుకోండి. ఐపీఎల్‌లో మెంటర్‌గా చేసి, 2024 జులైలో నేరుగా హెడ్ కోచ్ అయ్యారు. నాకు మాత్రం మొదటి దారే నచ్చుతుంది.