రెవెన్యూ ఆఫీసులో చేరిన తమ్ముడి కూతురికి

చిన్నతల్లికి, ప్రభువైన యేసుక్రీస్తు నామంలో పెదనాన్న శుభాలు.

తహసీల్దారు ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేరావని తెలిసి చాలా సంతోషించాను. "ఇక్కడ అందరూ లంచం తీసుకుంటారు పెదనాన్నా, నేనొక్కదాన్నే ఎలా నెగ్గుకురావాలి?" అన్న నీ మెసేజ్ చూశాక మాత్రం ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. రెవెన్యూలోనే తల నెరిసినవాణ్ని కదా, నాకు తెలిసింది రాస్తున్నాను.

లంచం అడగమని నీకెవరూ చెప్పరు. ఒక సాయంత్రం నీ సొరుగులో కవరు కనబడుతుంది. "ఇది నీ వాటా అమ్మా" అంటారు. నువ్వు ఎవర్నీ అడగలేదు, ఎవర్నీ పీడించలేదు. విశ్వాసులు చాలామంది కాలు జారేది ఇక్కడే. కాబట్టి ఆ కవరు రాకముందే నీ నిర్ణయం అయిపోయి ఉండాలి. చెరపట్టి బబులోను రాజు కొలువుకి తీసుకెళ్లిన దానియేలు అలాగే చేశాడు. రాజు భోజనం తినకూడదని ముందే మనసులో నిశ్చయించుకున్నాడు, ఆ తర్వాతే వెళ్లి పై అధికారిని మర్యాదగా అడిగాడు. నువ్వు కూడా ఈ వారంలోనే మీ సీనియర్‌తో "సార్, నన్ను వాటాల లెక్కలో కలపకండి" అని ఒక్కసారి చెప్పు. ప్రసంగం చేయకు. అయినా పెడితే, ఇంకొకరు చూస్తుండగా అప్పటికప్పుడే తిరిగిచ్చెయ్యి. రేపిద్దాంలే అని బ్యాగులో వేసుకోవద్దు.

"తీసుకుని అందులో దశమభాగం, అంటే పదో వంతు, దేవుడికి ఇచ్చేస్తే సరి" అనేవాళ్లు మన క్రైస్తవ సంఘాల్లోనే ఉన్నారు. యేసును పట్టిచ్చినందుకు పుచ్చుకుని, యూదా తిరిగి తెచ్చి పడేసిన ముప్పై వెండి నాణేలను కానుక పెట్టెలో వేయడానికి, యేసును చంపించాలని చూసిన ప్రధాన యాజకులే ఒప్పుకోలేదు. ఆ పాటి జంకు మనకు ఉండొద్దా?

ఒకసారి ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) వాళ్లు లంచం పట్టుకునేటప్పుడు నన్ను మధ్యవర్తిగా, అంటే సాక్షిగా, పిలిచారు. లంచంగా ఇచ్చే నోట్లకు ముందే ఫినాఫ్తలీన్ పొడి రాసి పంపుతారు. పట్టుకున్నాక, లంచం తీసుకున్న ఉద్యోగి వేళ్లు సోడియం కార్బనేట్ కలిపిన నీళ్లలో ముంచమన్నారు. రంగులేని నీళ్లు చూస్తుండగానే గులాబీ రంగుకు తిరిగాయి. గదిలో అందరూ ఆ గ్లాసు వైపే చూస్తున్నారు. నాకు మాత్రం గుమ్మం దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ రైతు కనిపించాడు. పాసు పుస్తకం కోసం నెలల తరబడి తిరిగి, విసిగి వేసారి ఫిర్యాదు ఇచ్చిన మనిషి. పట్టించాక కూడా ఆయన ముఖంలో భయం పోలేదు.

అందుకే నాకు నెహెమ్యా అంటే అంత ఇష్టం. పన్నెండేళ్లు యూదా దేశానికి అధికారిగా ఉండి కూడా అధికారికి రావలసిన భత్యం తీసుకోలేదు. కారణం ఆయనే చెప్పాడు: ఒకటి దేవుని భయం, రెండోది అప్పటికే జనం మీద భారం ఎక్కువగా ఉండడం. ఈ రెండోది మనవాళ్లు మర్చిపోతారు. చేతులు శుభ్రంగా పెట్టుకుని, ఎందుకొచ్చిన గొడవ అని ఫైలు కదపకుండా కూర్చునే నిజాయితీపరుల్ని చాలామందిని చూశాను. ఆ రైతుకి వాళ్ల వల్ల ఏం ఒరిగింది? దానియేలు పనిలో తప్పు పట్టాలని శత్రువులు ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. నీ టేబుల్ మీదికి వచ్చిన అర్జీ గడువులోగా కదలాలి. కాగితం తక్కువైతే ఏది తక్కువో మొదటిసారే రాసివ్వు. ముసలివాళ్లు వస్తే కుర్చీ చూపించు.

"వాళ్లే ఇష్టంగా ఇస్తున్నారు" అంటారు. 1988 నాటి అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక లంచం ఇవ్వడం కూడా నేరమే. బలవంతంగా ఇవ్వాల్సి వచ్చినవాళ్లు ఏడు రోజుల్లోగా ఫిర్యాదు చేస్తేనే బయటపడతారు. అంటే పని కోసం నీ దగ్గరికి వచ్చిన మనిషిని నువ్వే నేరంలోకి దింపుతున్నావన్న మాట.

ఇక ఇంటి సంగతి. బాప్తిస్మమిచ్చే యోహాను సైనికులకు మీ జీతంతో తృప్తిపడండి అన్నాడు. అది కుదరాలంటే ఖర్చు జీతంలో ఇమడాలి. మొదటి రెండేళ్లు కారు జోలికి, పెద్ద ఈఎంఐల జోలికి పోకు. నెల తిరిగేసరికి కట్టాల్సింది జీతాన్ని మించితే ఎంత గట్టి మనసైనా మెత్తబడుతుంది. పెళ్లి సంబంధాల్లో ఇప్పుడు "పైన ఎంత వస్తుంది?" అని నిస్సిగ్గుగా అడుగుతున్నారు. ఆదివారం మొదటి వరుసలో కూర్చునేవాళ్లు కూడా! ఆ మాట అడిగిన సంబంధం, కట్నం అడిగిన సంబంధం, రెండూ మనకొద్దని మీ నాన్నకి నేను చెప్పేశాను.

కొన్నాళ్లు నీతో కలిసి టీ తాగడానికి కూడా ఎవరూ రాకపోవచ్చు. వాళ్ల మీద కోపం పెంచుకోకు, జనం పాపి అన్న పన్నుల అధికారి జక్కయ్య ఇంటికి యేసు అతిథిగా వెళ్లాడు. వాళ్ల పిల్లకి జ్వరమొస్తే వెళ్లి పలకరించు, పని ఎక్కువైతే ఓ చెయ్యి వెయ్యి. దూరపు మండలానికి బదిలీ చేస్తే వెళ్లు, అక్కడా అర్జీలు పట్టుకుని వచ్చేవాళ్లు ఉంటారు. ఆ ఊళ్లో సంఘం ఎక్కడుందో ముందే కనుక్కో. ఒంటరిగా మాత్రం మోయకు. ఒత్తిడి ఎక్కువైన రోజు ఎంత రాత్రైనా సరే నాకు ఫోన్ చెయ్యి, మీ పెద్దమ్మ, నేను ఇద్దరం ప్రార్థన చేస్తాం.

మీ పెదనాన్న