విధానం ఉంది, ఆచరణ ఏది?

ప్రశ్న: మా విశ్వవిద్యాలయం బహిరంగ పరిశోధన విధానాన్ని ప్రకటించి మూడేళ్లయింది. వ్యాసాలను, డేటాను అందరికీ అందుబాటులో ఉంచే రిపాజిటరీ కూడా ఏర్పాటైంది. సదస్సులకు కొదవ లేదు. అయినా అధ్యాపకుల్లో ఎక్కువమంది అటువైపు చూడటం లేదు. తప్పనిసరి చేస్తే మార్పు వస్తుందా?
– ఒక విభాగాధిపతి

జవాబు: తప్పనిసరి చేస్తే ఫైళ్లు వచ్చి పడతాయి; అవి ఎవరికైనా పనికొస్తాయా అన్నది వేరే సంగతి. ముందుగా మీ పదోన్నతుల దరఖాస్తు ఫారాన్ని తీసి చూడండి. ఎన్ని వ్యాసాలు, ఏ జర్నళ్లు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్‌లోని వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె) ఎంత అన్న గడులే అందులో ఉండి, శ్రమపడి రూపొందించిన డేటాసెట్‌కు గాని, నలుగురూ వాడుకుంటున్న సాఫ్ట్‌వేర్‌కు గాని, ఇతరుల ప్రయోగాన్ని మళ్లీ చేసి సరిచూసిన పనికి గాని చోటు లేకపోతే, అధ్యాపకులు మీ విధానాన్ని చదవలేదని అనుకోనక్కర్లేదు. వారు దానికంటే జాగ్రత్తగా ఆ ఫారాన్ని చదివారు.

జర్నల్ పేరును బట్టి పరిశోధకుల విలువ కట్టరాదని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న డోరా (పరిశోధన మదింపుపై ప్రకటన) కోరింది. సంతకం చేసిన సంస్థలు చాలానే ఉన్నా, నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయం 2021లో ఒక అడుగు ముందుకేసి, నియామకాల్లోనూ పదోన్నతుల్లోనూ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను లెక్కలోకి తీసుకోబోమని ప్రకటించింది. అంకె పోతే మదింపు ఎవరికి తోచినట్లు వారు చేసేదిగా మారుతుందని ఆ దేశపు శాస్త్రవేత్తలే కొందరు అభ్యంతరం చెప్పారు. అది కొట్టిపారేయదగిన మాట కాదు. అంకెను తీసేసిన చోట కమిటీ సభ్యులు వ్యాసాలను నిజంగా చదవాలి, అందుకు వారికి సమయం ఇవ్వాలి. ఆ ఏర్పాటు లేకుండా ఫారం ఒక్కటే మార్చితే ఆ విమర్శకుల మాటే నిజమవుతుంది.

రెండో అడ్డంకి శ్రమ. కోరితే డేటా ఇస్తామని రాసుకున్న దాదాపు 1,800 వ్యాసాల రచయితలను నిజంగానే అడిగి చూసిన ఒక అధ్యయనం 2022లో వెలువడింది. ఇచ్చినవారు నూటికి ఏడుగురి కన్నా తక్కువ. అందరిదీ దురుద్దేశమని నేను అనుకోను. ఉదాహరణకు, ఒక సర్వే ఫైలులో వయసు అన్న వరుసలో అక్కడక్కడా 99 అని ఉందనుకుందాం. చెప్పడానికి ఇష్టపడనివారికి ఆ సంఖ్య వేయాలని బృందంలో ఎప్పుడో అనుకున్నారు, ఎక్కడా రాసుకోలేదు. అది తెలియని కొత్తవారు సగటు తీస్తే, సర్వేలో పాల్గొన్నవారంతా ఉన్నట్టుండి ముసలివారైపోతారు. ఇలాంటివన్నీ వెతికి, వివరం రాసి, ఫైలును పరాయివారికి అర్థమయ్యేలా చేయడానికి వారాలు పట్టవచ్చు. అందుకే డేటా నిర్వహణ తెలిసిన ఉద్యోగులను విభాగాలకు దగ్గరగా నియమించిన చోట పని సాగుతుంది. సదస్సుల ఖర్చులో కొంత అటు మళ్లించడం మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: వ్యాసాన్ని జర్నల్‌లో రాకముందే ప్రీప్రింట్‌గా ఆన్‌లైన్‌లో పెడితే ఎవరైనా కాజేస్తారని, డేటా ఇస్తే తప్పులు పట్టుకుంటారని మా గైడ్ భయం. నేనేం చేయాలి?
– పరిశోధక విద్యార్థిని

జవాబు: మొదటి భయానికి సమాధానం సులువు. భౌతిక శాస్త్రవేత్తలు 1991లో మొదలైన ఆర్కైవ్ (arXiv) అనే ఆన్‌లైన్ ప్రీప్రింట్ భాండాగారంలో తమ వ్యాసాలను జర్నల్‌కు ముందే పెడుతున్నారు. అక్కడ నమోదయ్యే తేదీయే ఆ ఆలోచన ముందుగా ఎవరిదో చెప్పే సాక్ష్యం. అయితే పేటెంటు ఆలోచన ఉంటే ముందు ఆ దరఖాస్తు సంగతి తేల్చుకోండి.

రెండో భయం నిజమైనదే. ప్రభుత్వ రుణం మరీ పెరిగితే ఆర్థిక వృద్ధి తగ్గుతుందంటూ ఆర్థికవేత్తలు కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ 2010లో రాసిన వ్యాసం ప్రభుత్వ పొదుపు చర్యల సమర్థకులకు పెద్ద ఆధారమైంది. మీలాంటి పరిశోధక విద్యార్థి థామస్ హెర్న్‌డన్, ఆ రచయితలు పంపిన స్ప్రెడ్‌షీట్‌నే తెరిచి చూస్తే, 49వ వరుస దాకా వెళ్లాల్సిన సగటు సూత్రం 44 దగ్గరే ఆగిపోయి, ఐదు దేశాలు లెక్కలోకే రాలేదని తేలింది. 2013లో ఇది బయటపడ్డాక రచయితలు ఆ పొరపాటును ఒప్పుకున్నారు, మూల నిర్ధారణ మాత్రం నిలుస్తుందన్నారు. ఫైలు ఇవ్వకపోయి ఉంటే వారి పరువు దక్కేది, పొరపాటూ అలాగే మిగిలేది. పొరపాటును మోసంతో సమానంగా చూసే విశ్వవిద్యాలయంలో మీ గైడ్ భయపడటంలో ఆశ్చర్యం లేదు. ఆ రెంటినీ వేరుగా చూసే నియమాలు తేవాల్సింది పైవారు.

మీరు ఒంటరిగా వాదనకు దిగవద్దు. వ్యాసం పంపే ముందు మీ ఫోల్డర్‌ను బృందంలోని మరొకరికి ఇచ్చి, మీరు నోరు విప్పకుండా, అదే పట్టిక వారికి వస్తుందో లేదో చూడండి. బయటివారి కన్నా ముందు ఇంటివారే తప్పు పట్టుకుంటే గైడ్‌కు కూడా నమ్మకం కుదురుతుంది.

ప్రశ్న: రోగుల ఇంటర్వ్యూలపై మా పరిశోధన. అవీ బయట పెట్టాలా?
– ఒక అధ్యాపకురాలు

జవాబు: అవసరం లేదు. వీలైనంత తెరిచి, అవసరమైనంత మూసి ఉంచాలన్నదే యూరోపియన్ యూనియన్ నిధులతో సాగే పరిశోధనలు పాటించే సూత్రం. పేర్లు తీసేసినంత మాత్రాన మనిషి మరుగున పడరు. అరుదైన జబ్బు, ఊరు, వృత్తి మూడూ కలిస్తే ఎవరో తెలిసిపోతుంది. ప్రశ్నావళిని, విశ్లేషణ పద్ధతిని, అసలు అలాంటి డేటా ఉందన్న సమాచారాన్ని బహిరంగం చేసి, ఇంటర్వ్యూలను మాత్రం నైతిక సమీక్షా కమిటీ అనుమతించిన వారికే చూపవచ్చు. అయితే ఇతర పరిశోధకులు వాడుకోవచ్చా అన్న ప్రశ్న మొదటి రోజు సమ్మతి పత్రంలోనే ఉండాలి. సంతకాలన్నీ అయ్యాక గుర్తొస్తే, ప్రతి రోగినీ మళ్లీ కలిసి అడగాల్సి వస్తుంది.